ఏడో వరస ఆఖరి పంక్తి

పరుగు 9,107. పచ్చ 3,412, ఎరుపు సున్నా.

ముందు నేరం రాస్తాను, మిగతావి తర్వాత. పన్నెండో లంకలో ఏడో వరస జనం ఏడాది పొడుగునా అడిగిన మాటను మింగేసి, పైగా "అంతా పచ్చే" అని రోజూ సంతకం పెట్టినవాడు పరీక్షల గది పెద్ద కొల్లు గవర్రాజు. ఈ దినచర్యలో అతని పేరుకు 'గారు' చేర్చను. ఇది రాస్తున్నది మంగతాయారు, వయసు ఇరవై రెండు, అదే గదిలో అతని కిందే పరీక్షలు రాసే ఉద్యోగి. కరపత్రాల వెనకవైపు పెన్సిలుతో రాస్తున్నాను. పలకను నేనిక నమ్మను.

పొద్దున్నే ఎప్పటిలాగే మరవేళ్ళకు కొబ్బరినూనె రాశాను. మొత్తం పన్నెండు ఇనపవేళ్ళు. ఉప్పుగాలికి ఒక్క పూట వదిలేసినా తుప్పు పడతాయి. లంకలో అర్జీ రాసినా, పెళ్ళి కబురు రాసినా, సభవారు ఉత్తర్వు రాసినా మీటలు కొట్టి పలక మీదే రాయాలి. ఊళ్ళో పలకలెన్ని ఉన్నా వాటి వెనక యంత్రం ఒక్కటే; పలక మీద దాచిందే చెల్లుతుంది. అందుకే రోజూ పలక తెరిచే ముందు ఈ వేళ్ళు మూడు వేల నాలుగు వందల పన్నెండు రకాలుగా కొట్టి చూస్తాయి. ఫలానా మాట కొట్టు, చెరుపు, వెనక్కి తెప్పించు, దాచు, మళ్ళీ తెరువు, కొట్టిందే ఉందా చూడు. ఒక్కొక్కటీ ఒక పరీక్ష, అన్నీ కలిపి ఆ రోజు పరుగు. రావలసింది వస్తే పచ్చ, రాకపోతే ఎరుపు. రేకుల కప్పు మీద వడగళ్ళు పడినట్టు ముప్పావుగంట చప్పుడు, ఆపైన లేఖల శాల స్తంభం మీద పచ్చ దీపం. ఆ దీపం చూశాకే ఊళ్ళో పొయ్యిలు వెలుగుతాయి.

ఇంటికి వచ్చేసరికి నూకరత్నం పిన్ని నీళ్ళమర పక్కన కూర్చుని సభ కార్యాలయం పంపిన కాగితాన్ని అటూ ఇటూ తిప్పుతోంది. పీపాలకు కట్టిన ఊరు మాది. చుట్టూ సముద్రమే గాని తాగే నీరు మరలోంచే రావాలి. ఏడో వరస మర పిన్ని చేతిలో ఉంది. ఉప్పునీరు పోస్తే మంచినీరు రావాలి. ఏడాదినుంచి మాత్రం ఉప్పునీరు పోస్తే కాస్త తక్కువ ఉప్పునీరు వస్తోంది. లోపలి పొర చిరిగింది.

"సూడవే తాయారూ, మనకేదో బిరుదిచ్చేరంట," అంది పిన్ని.

చదివాను. "ఏడో వరసవారు ఈ ఏడాది నలభై ఒక్క అర్జీలు పంపి ఒక్కదానిలోనూ ఏమీ అడగలేదు. కష్టాలు చెప్పుకుని కూడా ఏమీ కోరని వారి పెద్దమనసును మెచ్చి తృప్తి వరసగా ప్రకటించడమైనది. తృప్తిగా ఉన్నవారికి మర అవసరం లేదు గనుక దానిని ఒకటో వరసకు తరలిస్తూ ఏడాది ముగిసే రోజున ఎనిమిది గంటలకు సభ ఉత్తర్వు దాచును. అభ్యంతరం ఉన్నచో, తప్పు పలకదని తేలాలి. తేలిన పక్షంలో వరసలో సగానికి పైగా జనం ఆ రోజు ఎనిమిదిలోపు స్వయంగా వచ్చి పలక మీద అడగాలి."

"నలభై ఒక్కటీ నేనే కొట్టేనే," అంది పిన్ని. "అన్నిట్లోనూ అడిగేను. కష్టం ముందు సెప్పి ఆఖర్న అడుగుతాం గదా. ఎళ్ళగానే అడిగేత్తే బాగోదని."

"ఆఖర్న ఏం కొట్టావు?"

"మరకి కొత్త పొర ఇప్పించండి, అని. పూర్వం ఆ కింద 'ఇట్లు తమ విధేయులు' అని కూడా కొట్టేదాన్ని. నువ్వే గదా పోయినేడు వద్దన్నావు, మనం ఎవరికీ విధేయులం కాదని. మానేశాను. అడగడం అవగానే దాచు మీట నొక్కేత్తన్నాను."

"మానేసి మంచి పని చేశావు," అన్నాను.

అంటే ఆ ఆఖరి ముక్కను ఎవరో కోసేశారు. పలక బాగుందని రోజూ సంతకం పెట్టేది ఎవరు? అందుకే పైన పేరు రాశాను. ఏడాది ముగియడానికి ఎనిమిది రోజులుంది.

పరుగు 9,108. పచ్చ 3,412, ఎరుపు సున్నా.

పరీక్షల గది గోడకు ఒక నల్లబల్ల ఉంది. దాని మీద "ఎరుపు లేని రోజులు" అని రంగుతో రాసి, పక్కన అంకె మాత్రం గవర్రాజు రోజూ సుద్దతో మారుస్తాడు. ఇవాళ 2,194. ప్రతి శుక్రవారం దానికి దండ వేస్తాడు. యాభై ఎనిమిదేళ్ళ మనిషి. జేబులోంచి అడకత్తెర తీసి ఒక వక్క కత్తిరిస్తే గాని ఏ నిర్ణయమూ చేయడు.

"పలక మా వరస అర్జీలు కోసేస్తోంది," అన్నాను.

"కోసేత్తే ఎరుపొచ్చేది కదమ్మా."

"ఎరుపు రాలేదంటే మన పరీక్షల్లోనే లోపముంది."

"మూడు వేల నాలుగొందల పన్నెండు పరీక్షలు. పాతికేళ్ళు. లోపం నీ ఒక్కదానికే కనపడిందా? కూర్చో. టీ తాగుతావా?"

"నాకు టీ వద్దు. నీళ్ళు కావాలి."

"కుండలో ఉన్నాయమ్మా, ముంచుకో," అన్నాడు. అమాయకంగా అన్నాడో, వెటకారంగా అన్నాడో తేల్చుకోలేక వెటకారమనే రాసుకుంటున్నాను.

అక్కణ్ణుంచి వెనకగదిలో ఏసుపాదం దగ్గరికి వెళ్ళాను. పలకను విప్పి బాగుచేయడం తెలిసినవాడు లంకంతటికీ ఆయనొక్కడే. ఆరేళ్ళుగా పని లేక వల అల్లుతున్నాడు. ఆ వల ఇప్పుడు గది దాటి వరండాలోకి వచ్చింది. ఆయన తల మీద ఒక బోర్డు వేలాడుతుంటుంది: ఎరుపు చూడనిదే పలకను ముట్టరాదు.

"ముట్టుకోకూడదండి," అన్నాడు. "మీరు ఒక్క ఎరుపు తెండి, ఇప్పుడే విప్పేత్తాను."

"మనుషులకి తాగడానికి నీళ్ళు లేవండీ."

"నిజమేనండి. కానీ అది ఎరుపు కాదు గదండి."

కార్యాలయానికీ ఎరుపే కావాలి, ఏసుపాదానికీ ఎరుపే కావాలి. సరే, తెస్తాను.

పరుగు 9,109. పచ్చ 3,426, ఎరుపు సున్నా.

కొత్తగా పద్నాలుగు పరీక్షలు రాశాను. పిన్ని అర్జీని ఉన్నదున్నట్టు పెట్టాను. దాన్ని సగం చేసి పెట్టాను, రెండింతలు చేసి పెట్టాను, మధ్యలో చెరిపి వెనక్కి తెప్పించాను, ఏడుపు పాలు పెంచి చూశాను. వేళ్ళు కొట్టాయి, దాచాయి, తెరిచాయి. "మరకి కొత్త పొర ఇప్పించండి" ప్రతిసారీ చివర బుద్ధిగా కూర్చుని ఉంది. పద్నాలుగూ పచ్చ.

గవర్రాజు పిలిచాడు.

"ఈ పేర్లేంటమ్మా? పరీక్ష 3,413, 'దాహం వేసినవాడి గొంతు నొక్కరాదు.' పరీక్ష 3,419, 'ఓ పలకా, నీవెవరి పక్షం?'"

"ఉద్దేశం తెలిసేలా పేరు పెట్టమన్నది మీరే."

"ఉద్దేశం అంటే 'నాలుగు పేరాల అర్జీ దాచుట' అని. రేపు ఇది ఎరుపైతే సభకి ఏమని రాయను? 'ఓ పలకా తప్పింది' అని రాయనా?"

"ఎరుపైతే చాలు. మీ చేత అదే రాయించాలని నా కోరిక."

వక్క కత్తిరించి నోట్లో వేసుకున్నాడు. "పోనీలే, ఉంచు. పచ్చగానే ఉన్నాయి గదా," అన్నాడు. తిట్టి ఉంటే బాగుండేది. ఆ సహనం నన్ను మరీ మండించింది.

పరుగు 9,111. పచ్చ 3,451, ఎరుపు సున్నా.

మరో పాతిక పరీక్షలు. ఒకటో వరస పేరుతో కొన్ని, ఏడో వరస పేరుతో కొన్ని, ఇద్దరికీ సమానంగా పచ్చే. నా దగ్గర అరవై మూడు కరపత్రాలున్నాయి. చదువంతా వాటిలోనే చదువుకున్నాను. చాలావాటికి మొదటి పేజీలు చిరిగిపోయాయి. అంచేత చాలా ఉద్యమాలు ఎందుకు మొదలయ్యాయో నాకు తెలియదు గాని ఎలా ముగించాలో బాగా తెలుసు. వాటిలో ఒకదాని ఆరో పేజీలో ఉంది: యంత్రం తన యజమాని వైపే చూస్తుంది. ఇప్పుడు అర్థమైంది. పలక ఎంత జిత్తులమారిదంటే, మనం పరీక్షిస్తున్నంతసేపూ న్యాయంగా ఉంటుంది.

ఇక పరీక్షలతో కాదు, జనంతోనే కావాలి. మధ్యాహ్నం పిన్ని ఇంట్లో పలక ముందు కూర్చుని నేనే ఒక కరపత్రం కొట్టాను. పలకను నమ్మనన్న మాట నిజమే. కానీ వరసలో నూట పన్నెండు ఇళ్ళకు చేత్తో రాయాలంటే నా పెన్సిలు చాలదు. కరపత్రంలో గవర్రాజు పేరు ఏడుసార్లు వచ్చింది. "కదలండి, మన నీటిని మనమే కాపాడుకుందాం" అని రాసి, కింద "రేపు సాయంత్రం అయిదింటికి బిందెల రేవు దగ్గర కలుద్దాం" అని ముగించి దాచు మీట నొక్కాను. పేరు పెట్టలేదు, విధేయత పెట్టలేదు. నూట పన్నెండు ఇళ్ళకూ కాగితమై వెళ్ళిపోయింది.

పరుగు 9,112. పచ్చ 3,451, ఎరుపు సున్నా.

సాయంత్రం అయిదింటికి బిందెల రేవులో హాజరు: నేను. కొంగలను కూడా చేర్చుకుంటే ముగ్గురం.

అయిదున్నరకు పిన్ని ఖాళీ బిందెతో వచ్చింది.

"ఏంటే, ఒక్కదానివే నించున్నావు?"

"జనం కోసం."

"ఏ జనం?"

"నువ్వూ జనమే పిన్నీ. నా కరపత్రం చదివావా?"

"సదివేనే. ఏడుపొచ్చింది. పులుసు పొయ్యి మీదుంది, ఎళ్ళాలి," అని మరలో పోయడానికి బిందె నింపుకుని వెళ్ళిపోయింది.

చదివి, ఏడ్చి, పులుసు చూసుకోవడానికి వెళ్ళిపోయే జనం. ఇలాంటి వాళ్ళ కోసమా నేను అరవై మూడు కరపత్రాలు చదివింది? రేపు పొద్దున్నే గడపగడపకూ వెళ్ళి ముఖం మీదే అడుగుతాను.

పరుగు 9,113. పచ్చ 3,451, ఎరుపు సున్నా. ఇది అబద్ధపు పచ్చ. కింద రాస్తున్నాను.

పరుగు అయ్యాక మొదటి గడపకే వెళ్ళాను. తాళ్ళు పేనే అబ్బులు మావయ్య ఇల్లు. నేను నోరు తెరవకముందే ఆయన కరపత్రం సగం అప్పజెప్పాడు.

"ఎంత బాగా రాసేవే అమ్మాయీ. 'కదలండి' అన్నావు సూడు, ఒళ్ళు జలదరించిందనుకో. కానీ కదిలి ఎక్కడికి రావాలో రాయలేదేంటి? మేమంతా పొద్దుగూకేదాకా కదులుతానే ఉన్నాం. నేను మూడుసార్లు వీధి చివరిదాకా ఎళ్ళొచ్చేను."

కాగితం తెప్పించుకుని చూశాను. "కదలండి, మన నీటిని మనమే కాపాడుకుందాం." ఆ కింద ఏమీ లేదు. అయిదింటికీ లేదు, బిందెల రేవూ లేదు. పక్కింట్లో చూశాను. అక్కడా అంతే. ఆ పక్కింట్లోనూ అంతే.

పరుగెత్తుకుంటూ పరీక్షల గదికి వచ్చి ఆ కరపత్రాన్నే మరవేళ్ళ చేత కొట్టించాను. బిందెల రేవు ఉంది. పచ్చ. వేళ్ళను పక్కకు తోసి నా వేళ్ళతో నేనే కొట్టాను. దాచి, తెరిచాను. బిందెల రేవు లేదు. మళ్ళీ వేళ్ళు: ఉంది. మళ్ళీ నేను: లేదు. పలక మనుషుల మీద పగబట్టి ఇనపవేళ్ళ మీద ప్రేమ చూపిస్తోందని అరపేజీ రాశాను కూడా. తర్వాత కొట్టేశాను. ఎందుకంటే అప్పుడే ఒక చప్పుడు విన్నాను.

కొత్త చప్పుడేమీ కాదు. ప్రతి పరీక్ష చివరా "టక్" అని ఒకటి వినిపిస్తుంది. వేళ్ళు ముడుచుకునే చప్పుడనుకునేదాన్ని. ఈసారి వంగి చూశాను. మాటలన్నీ కొట్టడం అయ్యాక పన్నెండో వేలు, చివరనున్న చిటికెన వేలు, మెల్లగా లేచి ఎంటర్ మీట మీద ఒక్కసారి పడుతోంది. పరీక్షలో నేను రాయని ఎంటర్ అది. చివర ఎంటర్ కొడితే ఆఖరి పంక్తి నిలుస్తోంది, కొట్టకపోతే పోతోంది. వేలు రోజూ కొడుతోంది గనుక మనకు రోజూ పచ్చ.

వేలి అడుగున నూనె తాగి నల్లబడిన దారం చుట్టి ఉంది; పక్క వేళ్ళు ముడుచుకోగానే అది ఈ వేలిని మీట మీదికి లాగుతోంది. దానికి అంటుకుని గోరంత అట్టముక్క. తుడిస్తే అక్షరాలు కనపడ్డాయి: "పరుగు 6,914. ఈ ఒక్క రోజుకే. గ.రా." ఆ దారానికి రెండేళ్ళుగా రోజూ నూనె రాస్తున్నది నేనే.

అట్టముక్క తీసుకెళ్ళి గవర్రాజు బల్ల మీద పెట్టాను. అడకత్తెర తీశాడు గాని వక్క తీయలేదు.

"ఆ రోజు ఇంచుమించు అన్నీ ఎరుపే వచ్చేయమ్మా," అన్నాడు. "ఆఖర్న ఎంటర్ కొట్టకుండా దాత్తే ఆఖరి లైను పోతంది. ఏసుపాదానికి కామెర్లు, మంచం మీదున్నాడు. ఎరుపు పెడితే పలక మూసెయ్యాలి. అది బియ్యం చీట్లు రాసే రోజు. పలక మూత్తే లంకంతా పస్తు. ఒక్క రోజుకని ఆ వేలికి దారం కట్టేను."

"మర్నాడు విప్పలేదేం?"

"మర్నాడు పచ్చగా ఉందమ్మా. పచ్చగా ఉన్నదాన్ని ఎవరు విప్పుతారు?"

నా దగ్గర ఎన్నో తిట్లు సిద్ధంగా ఉన్నాయి. ఇది కుట్ర అని, ఒకటో వరస తొత్తులని, పేజీ నంబర్లతో సహా. ఒక్కటీ ఈ మనిషికి సరిపోలేదు. నేరం నేను చెప్పిందే, చేసినవాడూ నేను చెప్పినవాడే. కారణాలు మాత్రం అన్నీ తప్పు.

"మరి ఆరేళ్ళూ ఎవరూ గమనించలేదేంటి?" అన్నాను. "మా వరసకి మొన్న మొన్నటిదాకా అడిగినవన్నీ వచ్చేవి కదా."

జవాబు గుమ్మంలోంచి వచ్చింది. పిన్ని చంకలో మరనీళ్ళ బిందెతో నిలబడి ఉంది. నేను జుట్టు విరబోసుకుని పరుగెత్తానని అబ్బులు మావయ్య చెబితే వెంట వచ్చిందట.

"అప్పుడు ఆఖర్న 'ఇట్లు తమ విధేయులు' ఉండేది కదే," అంది. "అందరూ ఆఖర్న అదే గదా కొడతారు. అయిదేళ్ళు పలక మన విధేయతే తిందన్నమాట. అది తిన్నన్నాళ్ళూ మనకి నీళ్ళొచ్చాయి."

ఆ లైను తీయించింది నేను. పోయినేడు ఇల్లిల్లూ తిరిగి తీయించాను. దొరలకి వంగే నడుము అది, నిటారుగా నిలబడండి అని ఉపన్యాసం చెప్పాను. నిటారుగా నిలబడగానే మా తల పోయింది. ఇది కూడా దినచర్యలో నమోదు చేస్తున్నాను: గవర్రాజు దారం కట్టాడు, మంగతాయారు అడ్డం తీసేసింది.

"పోనీ మళ్ళీ పెట్టేద్దామా?" అంది పిన్ని. "ఆ ముక్క పలకకి, మన ముక్క మనకి."

"చచ్చినా పెట్టను," అన్నాను. "పెట్టినా లాభం లేదు పిన్నీ. తప్పు పలకదని తేలాలి. తేలాలంటే దీపం ఎర్రగా వెలగాలి."

వేళ్ళ అమరిక మార్చే అధికారం గది పెద్దకే ఉంది. ఇద్దరం ఆయనవైపు చూశాం. ఆయన నల్లబల్లవైపు చూశాడు. 2,199. శుక్రవారం దండ ఇంకా వాడలేదు.

"వచ్చే నెల నా పదవి అయిపోద్దమ్మా," అన్నాడు. "ఎరుపు లేకుండా దిగిపోయినవాళ్ళు ఈ గదిలో ఇంతవరకూ లేరు."

పిన్ని కుండ పక్కనున్న గ్లాసు తీసి బిందెలో ముంచి ఆయన ముందు పెట్టింది. ఆయన మర్యాదకి ఒక గుక్క తాగాడు. ఇంకో గుక్క తాగలేకపోయాడు.

"ఉప్పగా ఉంది," అన్నాడు.

"ఏడాదినించి అదే రాత్తన్నామండి," అంది పిన్ని.

గవర్రాజు గారు లేచారు. వేళ్ళ దగ్గరికి వెళ్ళి, వక్క కత్తిరించినట్టే, అడకత్తెరతో దారం కత్తిరించారు.

పరుగు 9,114. పచ్చ 29, ఎరుపు 3,422.

ఖాళీ పలకను తెరిచి మూసే పరీక్షలు ఇరవై తొమ్మిది తప్ప అన్నీ ఎరుపే. ఆఖరి "టక్" లేకుండా వేళ్ళు ఎంత నిశ్శబ్దంగా ముడుచుకున్నాయో. స్తంభం మీద ఎర్ర దీపం వెలిగింది. ఆరేళ్ళుగా ఎవరూ చూడలేదు గనుక అదేమిటో జనానికి గుర్తు లేదు. మూడో వరసవాళ్ళు ఏదో పండగనుకుని కొత్త బట్టలు కట్టుకున్నారు. గవర్రాజు గారు నల్లబల్ల మీద అంకె తుడిచి సున్నా పెట్టి, వాడిన దండ తీసి కిటికీలోంచి సముద్రంలో వేశారు. బల్ల తుడిచిన చేత్తోనే కళ్ళూ ముక్కూ తుడుచుకున్నారు. మీసం తెల్లగా అయింది. నేను చూడనట్టు నూనె డబ్బా సర్దాను.

వెనకగదిలో ఏసుపాదం గారు వల కింద పడేశారు.

"ఎన్నండీ?"

"మూడు వేల నాలుగు వందల ఇరవై రెండు."

"ఒక్కటి చాలునన్నాను గదండి," అన్నారు గాని, ఆయన ముఖం చూస్తే పెళ్ళికొడుకులా ఉంది. పలకను విప్పి, మధ్యాహ్నానికి తప్పు పట్టుకున్నారు. "ఇక్కడ సూడండి. 'ఎంటర్ కనపడేదాకా చదువు, కనపడితే ఆ లైను దాచు' అని ఉంది. ఎంటర్ లేకపోతే ఆ లైను లేనట్టేనండి దానికి. 'ఎంటర్ కనపడేదాకా, లేదా ఉన్నంతవరకూ' అని మార్చేనండి. రెండు ముక్కలు." రెండు ముక్కలకు మేం ఏడాది ఉప్పునీళ్ళు తాగాం.

నేనొక కొత్త పరీక్ష రాశాను, 3,452. ఈసారి బుద్ధిగా "ఆఖర్న ఎంటర్ లేని అర్జీ దాచుట" అని పేరు పెట్టి గవర్రాజు గారికి చూపించాను. ఆయన పెదవి విరిచారు.

"చప్పగా ఉందమ్మా."

పెన్సిలు తీసుకుని కొట్టేసి ఆయనే రాశారు: "అడిగినవాడి ఆఖరి మాట మింగరాదు."

మధ్యాహ్నం మళ్ళీ పరిగెత్తించాం. దారం లేదు, ఎంటర్ లేదు. పచ్చ 3,452, ఎరుపు సున్నా. మొదటిసారి ఆ రంగును నమ్మాను.

తప్పు పలకదేనని కార్యాలయం ఒప్పుకుంది. ఎర్ర దీపాన్ని ఊరంతా చూసింది, కాదనడానికి లేదు. అయితే ఎరుపు వచ్చిన రోజు పలక తెరవరు. రేపు, అంటే ఏడాది ముగిసే రోజున, ఉదయం ఏడింటికి తెరుస్తారు. ఎనిమిదింటికి సభ ఉత్తర్వు దాచుతుంది. మధ్యలో ఒక్క గంట. నూట పన్నెండు ఇళ్ళు, ఇంటికొకరు చొప్పున సగానికి పైగా, అంటే యాభై ఏడుగురం స్వయంగా అడగాలి. శాలలో జనానికి ఉన్న పలకలు పది. తలకు పది నిమిషాలు. పిన్ని మెల్లగా కొడుతుంది గనుక ఆమెకు ఇరవై. పొద్దున వేళ్ళకు నూనె తనే రాస్తానని, నన్ను జనంతో ఉండమని గవర్రాజు గారు అన్నారు.

ఇవాళ పలక మూసి ఉంది గనుక ఈ కింది మాటలను పిన్ని, నేను, అబ్బులు మావయ్య కలిసి సున్నంతో ఏడో వరస తలుపుల మీద చేత్తో రాస్తున్నాం. సున్నం ఏమీ మింగదు. అయినా జాగ్రత్తగానే రాస్తున్నాం.

ఏడో వరసవారికి.

రేపు ఉదయం ఆరున్నరకి లేఖల శాల మెట్ల దగ్గరికి రండి. రాగానే అడగడం మర్యాద కాదని తెలుసు. రేపటికి మాత్రం అడిగేది ముందు, కష్టం తర్వాత.

మన అర్జీల ఆఖరి పంక్తిని పలక మింగింది. దాన్ని ఒక దారం ఆరేళ్ళు దాచిపెట్టింది. దారం కట్టినవారు చేతులారా తెంపారు. 'ఇట్లు తమ విధేయులు' తీయించి మనకు తెలియకుండానే కీడు చేసినది మంగతాయారు. తప్పు ఒప్పుకుంటోంది, కానీ ఆ లైను మళ్ళీ పెట్టించదు. పలక బాగైంది, ఇక దానికి ఎర వేయనక్కర్లేదు.

ఒక్కొక్కరూ కొట్టవలసింది ఒక్కటే: మరకి కొత్త పొర ఇప్పించండి, మర మా దగ్గరే ఉంచండి. రాయడం రానివారు పక్కవారి వేలు పట్టుకోండి. పులుసు పెట్టేవారు ముందే దించేసి రండి. యాభై ఆరుగురం అయితే మర పోతుంది. యాభై ఏడో మనిషి మీరే అనుకుని రండి.

ఇట్లు, దాహంగా ఉన్న ఏడో వరస.

పై పంక్తి పోయినా ఫర్వాలేదు. ఇది పోకూడదు: రేపు ఉదయం ఆరున్నర, లేఖల శాల మెట్లు. అబ్బులు మావయ్యా, వీధి చివర ఆగిపోకు.